ఓడి వచ్చిన పిల్లతో కోచ్ ఏం మాట్లాడాలి?

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రికలో పతకాలు తెచ్చిన పిల్లల గురించి బాగానే రాస్తున్నారు, ఓడి ఇంటికొచ్చే పిల్లల సంగతి కూడా ఒకసారి రాయమని ఈ ఉత్తరం.

మా అమ్మాయికి పదమూడేళ్లు, బ్యాడ్మింటన్ ఆడుతుంది. కిందటేడు ఒక పోటీలో మూడో గేమ్ 19-21తో పోగొట్టుకుని బయటికి వస్తే, అప్పటి కోచ్ మిగతా పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు అందరూ చూస్తుండగానే "నీ మీద పెట్టిన టైమంతా దండగ" అన్నాడు. బస్సులో ఇల్లు చేరేదాకా పిల్ల ఒక్క మాట మాట్లాడలేదు. ఆ తర్వాత రోజూ పొద్దున ప్రాక్టీస్ వేళకి కడుపునొప్పి. డాక్టర్‌కి చూపిస్తే వేరే ఏమీ లేదు, టెన్షన్ అన్నారు. నెల తిరక్కుండా రాకెట్ అటకెక్కింది.

ఆయన చెడ్డమనిషని నేను అనను, తెల్లారి ఐదింటికే కోర్టు దగ్గరుండేవాడు. తిడితే పౌరుషం వచ్చి ఆడతారని ఆయన నమ్మకం, బహుశా ఆయన్నీ అలాగే తిట్టి నేర్పి ఉంటారు. అలా పౌరుషం తెచ్చుకునే పిల్లలూ ఉంటారేమో గానీ చాలామంది నేర్చుకునేది భయమే.

నాలుగు నెలలయ్యాక బతిమాలి వేరే కోచ్ దగ్గర చేర్చాం. మొదటి టోర్నమెంట్‌లో మళ్లీ ఓడింది. ఆయన ఆ సాయంత్రం ఆట ఊసే ఎత్తలేదు, మర్నాడు పక్కన కూర్చోబెట్టుకుని "ఏ పాయింట్ దగ్గర భయమేసిందమ్మా?" అని అడిగారు. గేమ్‌కి 21 పాయింట్లు కదా, 18 దాటాక చెయ్యి బిగుసుకుపోతోందని చెప్పింది. ఇక రెండు వారాలు గేమ్ సున్నా నుంచి ఆడించనే లేదు, 18-18 నుంచే మొదలుపెట్టించారు, మళ్లీ మళ్లీ అదే. సర్వీస్‌కి ముందు ఒకసారి నిదానంగా ఊపిరి వదిలి, షటిల్ ఎక్కడ వెయ్యాలో మనసులో అనుకుని అప్పుడు కొట్టమన్నారు. మనోధైర్యం మాటలతో వస్తుందనుకున్నాను ఇన్నాళ్లూ, అదీ బ్యాక్‌హ్యాండ్ లాగే రోజూ చేయించి నేర్పే పనని అప్పుడు తెలిసింది.

ఇది మనకి కొత్త విద్యేమీ కాదు. హైదరాబాద్‌లో బడిపంతులుగా చేసిన సయ్యద్ అబ్దుల్ రహీం 1962 జకార్తా ఆసియా క్రీడలకి మన ఫుట్‌బాల్ జట్టుని కోచ్‌గా తీసుకెళ్తే, మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడింది. రాజకీయ గొడవల వల్ల అక్కడి జనం మన జట్టు కనబడితే చాలు గోల చేసేవాళ్లు. డిఫెండర్ జర్నయిల్ సింగ్‌కి తలకి దెబ్బ తగిలి కుట్లు పడితే రహీం గారు అతణ్ని ఫార్వర్డ్‌గా దించారు. (కుట్లతో పిల్లల్ని ఆడించడం ఈ రోజుల్లో ఒప్పుకోకూడదు, అది వేరే మాట.) కొద్ది రోజుల్లోనే ఫైనల్లో అదే కొరియాని 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చారు, అందులో ఒక గోల్ జర్నయిల్‌దే. అప్పటికే క్యాన్సర్‌తో ఉన్న రహీం గారు మరుసటి ఏడాది పోయారు.

అంత వెనక్కి పోనక్కర్లేదు. మా పక్క వరంగల్ జిల్లా కల్లెడలో, మేధో వైకల్యం ఉందని ఊరివాళ్ల ఎగతాళి మాటలు పడి పెరిగిన దీప్తి జీవంజి, కోచ్ నాగపురి రమేశ్ గారి దగ్గర తయారై 2024లో జపాన్‌లోని కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీల్లో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరిగెత్తి తన విభాగంలో అప్పటికి ప్రపంచ రికార్డు పెట్టింది, అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. మాటలు పడ్డ పిల్లకి మళ్లీ మాటలే దొరికి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

అందుకే స్పోర్ట్స్ అథారిటీ వాళ్లకి ఒక విన్నపం. కోచ్‌ల పనితీరు చూసేటప్పుడు పతకాల లెక్క ఒక్కటే అడగొద్దు. వేసవి శిబిరంలో చేరిన పిల్లల్లో దసరా సెలవులయ్యాక ఎంతమంది ఇంకా మైదానానికి వస్తున్నారో కూడా అడగండి. ఓడిన పిల్లతో ఎలా మాట్లాడాలో, మ్యాచ్‌లో టెన్షన్‌ని ఎలా ప్రాక్టీస్ చేయించాలో బడుల్లో పీఈటీలకీ స్టేడియం కోచ్‌లకీ ఏడాదికి నాలుగు రోజులైనా నేర్పించండి, దానికి భవనాలు కట్టక్కర్లేదు.

ఇక మీ విలేకరులు జిల్లాల్లో తిరిగి, శిబిరాల్లో చేరి మానేసిన పిల్లల్ని ఎందుకు మానేశారని అడిగి రాస్తే బాగుంటుంది.

- ఒక తల్లి, హనుమకొండ