వెబ్‌సైటు తెరిచారు సరే, రాసేదెవరు?

సంపాదకుడు గారికి,

మన ఊళ్ల చరిత్రలు, పాత ఫొటోలు, పెద్దవాళ్లు చెప్పిన సంగతులు ఎవరైనా వచ్చి రాసుకోవచ్చంటూ కొందరు కుర్రాళ్లు ఒక వెబ్‌సైటు మొదలుపెట్టారని ఆ మధ్య మీ జిల్లా పేజీలో వార్త వచ్చింది. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, ఫొటోలో వేదిక నిండా జనం. చదివిన సాయంత్రమే వెళ్లి చూశాను. మండలాల పేర్లు వరసగా ఉన్నాయి, ఏది నొక్కినా ఇక్కడ ఇంకా ఏమీ లేదనే వస్తోంది. సరే, మనమే మొదలుపెడదామనుకుంటే ముందు రిజిస్ట్రేషన్, దానికో ఓటీపీ, పుట్టిన తేదీ, చదువు, చిరునామా, అన్నీ అయ్యాక చివర్లో "మీ రచన పరిశీలనలో ఉంది" అని మెసేజ్. ఇప్పటికీ పరిశీలనలోనే ఉంది. సైటు పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇది వాళ్లొక్కరి సంగతి కాదు, మన దగ్గర ఇలా మొదలై అలా మూతబడ్డవి చాలానే ఉన్నాయి.

నేను తెనాలిలో డీటీపీ సెంటర్ నడుపుతాను. శుభలేఖలు, కరపత్రాలతో పాటు సొంతంగా పుస్తకం వేసుకునే పెద్దవాళ్లు కూడా నా దగ్గరికి వస్తుంటారు, అందుకే రాసేవాళ్లకు కొరత ఉందంటే నేను నమ్మను. కొరతల్లా వాళ్లను పిలిచేవాళ్లకే.

ఈ పరిశీలన సంగతే ముందు చూడండి. వికీపీడియా పుట్టకముందు అదే మనుషులు న్యూపీడియా అని ఒక ఇంటర్నెట్ విజ్ఞాన సర్వస్వం పెట్టారు, 2000లో. పండితులు రాయాలి, ఆ రాసింది ఏడు అంచెల్లో పరీక్షకు నిలబడాలి. 2003లో మూతబడేనాటికి అన్ని అంచెలూ దాటి బయటపడ్డవి పాతిక వ్యాసాలు. దానికి తోడుగా, ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు అని 2001 జనవరిలో తెరిచిందే వికీపీడియా, మొదటి ఏడాది తిరిగేసరికి దాదాపు ఇరవై వేల వ్యాసాలు. ఇంకా ఒక్కరూ అడుగుపెట్టని చోట కాపలా దేనికండీ? చెత్త వచ్చి పడుతుందని భయమైతే ముందు ఏదో ఒకటి రానివ్వాలి కదా, తీసేయడానికైనా!

మన తెలుగు వికీపీడియా ఇంకా దగ్గరి ఉదాహరణ. 2003 డిసెంబరులో అమెరికాలో ఉన్న వెన్న నాగార్జున గారు మొదలుపెట్టారు. అప్పట్లో కంప్యూటర్లో తెలుగు కనపడటమే గొప్ప, టైపు చేయడం సంగతి చెప్పక్కర్లేదు. మొదట్లో నత్తనడకే. ఇవాళ లక్ష వ్యాసాలు దాటింది. మధ్యలో జరిగింది మాయేమీ కాదు. ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగులో పడే లేఖిని లాంటి పనిముట్లు వచ్చాయి. మండలాలకు, ఊళ్లకు ముందుగానే చిన్న చిన్న పేజీలు పెట్టి ఉంచారు. ఎక్కడో డాలస్‌లో ఉన్నాయన తన ఊరి పేరు వెతికి, రెండు లైన్లు కూడా లేని పేజీ చూసి ఊరుకోగలడా? చెరువు పేరు తప్పుందని దిద్దడానికి వచ్చి బడి గురించి, గుడి గురించి కూడా రాసేసి వెళ్తాడు. కొత్తగా చేరినవాళ్ల చర్చా పేజీలో స్వాగతం చెప్పి, ఎక్కడ ఎలా రాయాలో చూపించే పాతవాళ్లూ ఉంటారు. హైదరాబాద్‌లో అబిడ్స్ దగ్గర సరోజినీ నాయుడు గారి పాత ఇల్లు గోల్డెన్ థ్రెషోల్డ్‌లో కూర్చుని పక్కపక్కన ల్యాప్‌టాప్‌లు పెట్టుకుని నేర్పించుకున్న రోజులూ ఉన్నాయి. ఇదంతా మనిషికి మనిషి చేసిన పనే తప్ప ప్రకటనలతో అయ్యింది కాదు.

డబ్బులిచ్చి రాయిస్తే అన్న ఆలోచన కూడా వస్తుంది, మీరు వేసిన ఆ వార్తలోనూ "త్వరలో నగదు బహుమతులు" అని ఉంది. దానికీ తెలుగు వికీలోనే జవాబు దొరుకుతుంది. 2009 ప్రాంతంలో గూగుల్ వాళ్లు అనువాదకులను పెట్టి ఇంగ్లీషు వ్యాసాలను తమ అనువాద పనిముట్టుతో తెలుగులోకి, ఇంకొన్ని భాషల్లోకి దింపించారు. పెద్ద పెద్ద వ్యాసాలు కుప్పలుగా వచ్చాయి. ప్రాజెక్టు ఆగింది, అనువాదకులు వెళ్లిపోయారు. చదవడానికి నోరు తిరగని ఆ వాక్యాలను శుభ్రం చేసే పని మాత్రం ఊరికే రాసేవాళ్ల నెత్తిన పడింది. డబ్బు తప్పని నేననను, నేనూ పేజీకింత అని తీసుకునేవాణ్నే. కానీ బహుమతుల పోటీ పెడితే జనం వచ్చేది సైటు మీద ఇష్టంతో కాదు, ఇంకోచోటి నుంచి కాపీ కొట్టి పడేసి, ఫలితాలు రాగానే కనపడకుండా పోతారు.

ఇంకో దారి ఉంది. జనం లింకులు పెట్టి చర్చించుకునే రెడిట్ అనే సైటును 2005లో మొదలుపెట్టిన ఇద్దరు కుర్రాళ్లు రకరకాల దొంగ పేర్లతో వాళ్లే లింకులు పెట్టుకుంటూ వచ్చారని తర్వాత వాళ్లే చెప్పారు. ఖాళీగా ఉన్న హోటల్లోకి టిఫిన్‌కి ఎవరూ వెళ్లరు కాబట్టి ఎందుకు చేశారో అర్థమవుతుంది. మన దగ్గర ఆ నాటకం అక్కర్లేదు, పైగా ఊరి సంగతులు దొంగ పేరుతో రాస్తే రెండో రోజే దొరికిపోతారు. సొంత పేర్లతోనే, సైటు పెట్టినవాళ్లే తలా ఇరవై ముప్ఫై పేజీలు రాసి అప్పుడు తలుపు తీస్తే చాలు. శాలువా కప్పించుకున్నవాళ్లలో ఒక్కరైనా తమ ఊరి గురించి నాలుగు ముక్కలు రాశారా అంటే, నేను వెతికినంతలో లేదు.

అడిగే తీరు కూడా మార్చాలి. "మీ ఊరి చరిత్ర రాయండి" అంటే ఎవరికైనా టెన్షనే, శాసనాలు, రాజులు, సంవత్సరాలు గుర్తొస్తాయి. అదే "మీ ఊళ్లో టూరింగ్ టాకీస్ ఎక్కడుండేది, ఇప్పుడక్కడ ఏముంది?" అని అడిగి చూడండి, ఇంట్లో ఉన్న ప్రతి ముసలాయనా మాట్లాడతాడు. రైస్ మిల్లు ఎప్పుడు ఆగిపోయింది, కాలువలో ఈత నేర్పిందెవరు, లైబ్రరీ తాళం ఎవరి దగ్గరుండేది, ఇలాంటివి. మూడు లైన్ల జవాబులు వందొస్తే అదే చరిత్ర, దాన్ని సరిచేసి పేర్చుకోవడం తర్వాతి పని.

నా దగ్గరికి ఒక రిటైర్డ్ మాస్టారు వస్తుంటారు. తమ ఊరి గ్రంథాలయం గురించి గళ్ల నోటుబుక్కులో రాసుకొచ్చారు, బీరువాల కొలతలతో సహా. ప్రూఫు మీద ఎర్రపెన్నుతో మూడుసార్లు దిద్దారు. అచ్చేసింది వంద కాపీలు, అందులో సగం ఆయన ఇంట్లోనే ఉన్నాయి. ఇంటర్నెట్‌లో పెడదామా మాస్టారూ అంటే ఆయన అడిగింది రెండే: "కింద నా పేరు ఉంటుందా? మా మనవడికి అక్కడ కనపడుతుందా?" పరిశీలనలో ఉందన్న మెసేజ్ ఈయనకు చూపిస్తే మళ్లీ ఆ సైటు వైపు వస్తారా? అదే సాయంత్రం ఎవరో ఒకరు ఫోన్ చేసి "మాస్టారూ, ఆ బీరువాలు ఇప్పుడెక్కడున్నాయి?" అని అడిగితే ఇంకో నోటుబుక్కు నింపుతారు. మొదటి పదిమందికీ ఇలా ఫోన్ చేయాలి. పదివేల మంది వచ్చాక కుదరదుగానీ, పదిమందికి కుదురుతుంది.

సాంకేతికంగా ఒక చిక్కు చెప్పాలి. నాలాంటి సెంటర్లలో ఉన్న తెలుగంతా చాలావరకు అచ్చుపనికి వాడే అను ఫాంట్లలో, పేజ్‌మేకర్ ఫైళ్లలో ఉంది. అలాగే వెబ్‌సైటులో పెడితే పిచ్చి గుర్తులు తప్ప ఏమీ కనపడవు, ఏ కంప్యూటర్లోనైనా, ఫోన్లోనైనా తెలుగు తెలుగులాగే కనపడే యూనికోడ్‌లోకి మార్చాలి. మార్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నా వత్తుల దగ్గర తేడాలొస్తాయి, మళ్లీ ప్రూఫు చూడాల్సిందే. ప్రతి ఊళ్లోనూ డీటీపీ వాళ్ల కంప్యూటర్లలో ఇలాంటి చిన్న పుస్తకాలు పడి ఉన్నాయి, రాసినవాళ్లు బతికుండగానే అనుమతి తీసుకుంటే కొత్త సైటుకు అంతకన్నా మంచి సరుకు దొరకదు. ఆ కుర్రాళ్లు ఈ ఉత్తరం చూస్తే వచ్చి కలవమనండి, రాసినవాళ్లతో నేను మాట్లాడి పెడతాను, మార్చినందుకు డబ్బులేం తీసుకోను.

మీకూ ఒక విన్నపం. ప్రారంభోత్సవం వార్త వేశారు, మంచిదే. వారానికోసారి జిల్లా పేజీలో ఒక మూల ఆ సైటులో కొత్తగా వచ్చిన ముక్క ఒకటి, రాసినవాళ్ల పేరు, ఊరు పేరుతో వేయండి. పేపర్లో పేరు చూసుకున్న మనిషి రెండోది రాస్తాడు, పక్కింటాయన మొదటిది రాస్తాడు. ముందు మాస్టారి గ్రంథాలయంతో మీరు మొదలుపెడతామంటే రెండొందల మాటల్లోకి కుదించి నేనే పంపిస్తాను, యూనికోడ్‌లోనే.

ఇట్లు,
ఒక డీటీపీ సెంటర్ నిర్వాహకుడు,
తెనాలి