మూర్తికి ఉత్తరం: గడ్డి నాటితే నీళ్ళు బాగుపడతాయా?

హైదరాబాద్,
ఆదివారం ఉదయం

ఒరేయ్ మూర్తీ,

నువ్వు ఫోనులో అడిగినదానికి అప్పుడే జవాబు చెబుదామనుకున్నాను కానీ, నా చెవికీ నీ ఓపికకీ ఒక హద్దంటూ ఉంది కదా. "గడ్డి నాటితే మురికినీళ్ళు బాగుపడతాయా, ఎవరి చెవిలో పువ్వులు పెడుతున్నార్రా" అన్నావు. మీ కాకినాడ కాలనీవాళ్ళు నిన్ను పార్కు కమిటీలో వేశారని చెప్పి చెల్లెమ్మ ఒకటే నవ్వు. జీవితమంతా లెక్కలు చెప్పినవాడికి జమాఖర్చుల పుస్తకం ఇస్తారనుకుంటే కాలువ అప్పగించారన్నమాట. మంచిదే. ఈ వ్యవహారంలో లెక్కలు వచ్చినవాడి అవసరం చాలా ఉంది.

నువ్వు పంపిన కమిటీ కాగితం ఫొటోలో సగం నీ బొటనవేలే కనిపించింది. మిగతా సగంలో 'గ్రీన్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్' అనే మాట మాత్రం చాలాసార్లు ఉంది, అంటే మొక్కలతో, మట్టితో నీటిని బాగుచేసే ఏర్పాట్లన్నమాట. సూటిగా నా అభిప్రాయం చెబుతాను. మొక్కలతో, ఇసుకతో వాననీటిని బాగుచేయవచ్చు. మురుగునీటికి మాత్రం ఇలాంటి పార్కు పల్లం సరిపోదు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం వల్లే మన ఊళ్ళలో ఇలాంటి పనులు ప్రారంభోత్సవం నాడు పచ్చగా ఉండి, ఏడాది తిరిగేసరికి కంపు కొడుతుంటాయి.

మా కాలనీ పార్కు నువ్వు చూశావు. మధ్యలో కుంట, చుట్టూ నడక దారి. అది పల్లంలో ఎందుకుందని అప్పుడు నువ్వే అడిగావు. మా ఊళ్ళో చాలా పార్కుల కథ ఇదే. ఒకప్పుడు ఇది చెరువుల ఊరు. 1562లో హుస్సేన్ సాగర్ కట్టిన నాటికే ఈ దక్కను నేల మీద గొలుసుకట్టు చెరువులు కొత్త విద్య కాదు. పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండేది. తర్వాత చెరువులు పూడ్చి ఇళ్ళు కట్టుకున్నాం, మరీ పల్లంగా ఉన్న ముక్కలు పార్కులయ్యాయి. మాసాబ్ ట్యాంక్‌లోని చాచా నెహ్రూ పార్కు ఉన్నది పాత చెరువు స్థలంలోనే. చెరువు పోయింది గానీ నీటికి తెలిసిన దారి అదే, వాన పడితే ఇప్పటికీ అటే వస్తుంది. అందుకే పార్కు గేటు దగ్గరే దానికి వడపోత పెట్టమంటున్నాను.

అసలు వాననీటిలో మురికేముంటుందని అడుగుతావు. వేసవంతా రోడ్డు మీద పేరుకున్నదంతా అందులోనే ఉంటుంది. టైర్లు అరిగి రాలిన పొడిలో జింకు, బ్రేకుల నుంచి రాగి, బండ్ల కింద కారిన నూనె, కుక్కల పెంట, పూలకుండీల్లోంచి కొట్టుకొచ్చిన ఎరువు. జూన్‌లో మొదటి గట్టివాన ఇదంతా ఊడ్చుకొచ్చి కుంటలో పోస్తుంది. ఆ మర్నాడు తెల్లవారేసరికి చేపలు తెల్లగా తేలడం నువ్వూ చూసే ఉంటావు. ఎవరో విషం కలిపారని మా వీధిలో అప్పట్లో పెద్ద గొడవే అయింది. విషం అక్కర్లేదురా. ఆ మురికిని తినడానికి బ్యాక్టీరియా విరగబడి నీళ్ళలోని ఆక్సిజన్ వాడేస్తుంది. రాత్రిపూట ఎండ లేక నాచు కూడా ఆక్సిజన్ ఇవ్వకపోగా తానే పీల్చుకుంటుంది. తెల్లవారుజాముకు చేపకు ఊపిరి మిగలదు. మనుషులు స్నానం చేసే నీటిలో లీటరుకు కనీసం 5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. అందులో సగమైనా లేకపోతే చాలా చేపలు బతకడమే కష్టం.

ఇప్పుడు మా పార్కులో చేసింది చెబుతాను, నువ్వు బొమ్మ గీసుకో. రోడ్డువైపు గట్టును ఒకచోట రెండు ఇటుకల వెడల్పున కొట్టేశారు. రోడ్డు నీరు అక్కడినుంచి లోపలికి దూకుతుంది. దూకేచోట గరుకు రాళ్ళు పరిచారు, లేకపోతే నేల కోసుకుపోతుంది. రాళ్ళ వెనక చిన్న గుంట. షాంపూ ప్యాకెట్లు, గుట్కా కాగితాలు, నల్లటి ఒండ్రు అక్కడే ఆగిపోతాయి. అది దాటిన నీరు జానెడు లోతున్న పల్లంలో పరుచుకుంటుంది. ఆ పల్లం కింద ఉన్నదే అసలు సరుకు. పైన మొక్కలు నాటిన పొర, అందులో ఇసుకే ఎక్కువ, మట్టి కొంచెం, కుళ్ళిన ఆకు ఎరువు ఇంకా కొంచెం. కింద సన్న కంకర. దాని కింద లావు కంకరలో చిల్లుల గొట్టం. ఆ గొట్టం కుంటలోకి తెరుచుకుంటుంది.

ఆ మధ్య పొర మన ఇత్తడి కాఫీ ఫిల్టరు లాంటిది. పొడి మరీ మెత్తనైతే డికాక్షన్ దిగదు, మరీ గరుకైతే రంగునీళ్ళే దిగుతాయి. మా గుత్తేదారు మొదట ఇసుక బదులు నల్లరేగడి దింపించాడు. చవకగా దొరికిందట. వాన పడ్డాక వారమంతా అక్కడ మడుగే. మళ్ళీ తవ్వించి రాతి ఇసుక పోయించేదాకా మా సంఘం అధ్యక్షుడు ఆ మనిషిని నిద్రపోనివ్వలేదు. ఎరువు దగ్గర మీరూ జాగ్రత్త పడండి. మొక్కలు ఏపుగా పెరగాలని ఎక్కువ కలిపితే అందులోని భాస్వరం నీటితోపాటు కిందికి దిగి, శుభ్రం చేయాల్సిన కుంటలోకే చేరుతుంది. నాచుకు మేత మనమే వేసినట్టు.

నీళ్ళు దిగేటప్పుడు లోపల జరిగేది ఒకటి కాదు, చాలా. ఒండ్రు పైనే ఆగుతుంది. జింకు, రాగి మట్టి రేణువులను పట్టుకుంటాయి. నూనెను వేళ్ళ దగ్గరున్న సూక్ష్మజీవులు మెల్లగా తినేస్తాయి. నైట్రేటు ఒక్కటే మొండిది, ఇసుకకు లొంగదు. అందుకని గొట్టం చివరను కాస్త పైకి వంచి, అడుగు కంకరలో ఎప్పుడూ నీళ్ళు నిలిచేలా పెట్టారు. గాలి తగలని ఆ చోట బ్యాక్టీరియా నైట్రేటును విరగ్గొట్టి నత్రజనిని గాలిలోకి వదిలేస్తుంది. ఒక చిన్న వంపుతో ఇంత పని జరుగుతుంది. నాకు మహా ముచ్చటేసింది.

మా దగ్గర గొట్టం తప్పనిసరి ఎందుకంటే, హైదరాబాద్ అంతా గ్రానైటు మీద కూర్చున్న ఊరు. పైన కాస్త ఎర్రమట్టి, కింద మొరం, దాని కింద బండ. ఇంకిపోతుందిలే అని వదిలేస్తే ఎటూ పోదు. వేరే దేశంలో గీసిన బొమ్మను ఇక్కడ దించేవాళ్ళు ఈ సంగతి మరిచిపోతారు. వానల తీరు కూడా వేరు. ఇక్కడ ఏడాది వానలో చాలా భాగం జూన్ నుంచి సెప్టెంబర్ లోపలే పడిపోతుంది. నాలుగు నెలలు కాళ్ళు తడిసి, ఎనిమిది నెలలు గొంతు ఎండినా బతికే మొక్క కావాలి. అందుకే వట్టివేరు, రెల్లు, తుంగ. నర్సరీవాళ్ళు రంగురంగుల పూలమొక్కలు అంటగట్టాలని చూస్తారు, వినకు.

నీ లెక్కకు వద్దాం. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 100 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పున్న రోడ్డు మీద 20 మిల్లీమీటర్లు పడితే 12 వేల లీటర్లు. పల్లం లోతు 15 సెంటీమీటర్లయితే ఆ నీళ్ళు పట్టడానికి 80 చదరపు మీటర్లు కావాలి. మట్టిలో ఇంకేది, గొట్టంలో జారేది లెక్కేస్తే ఇంకా తక్కువే సరిపోతుంది. మరి 2020 అక్టోబర్ 13 రాత్రి? బేగంపేటలో దాదాపు 19 సెంటీమీటర్లు పడింది. అదే రోడ్డు మీద లక్ష లీటర్లు దాటిపోతుంది. అంత నీటికి ఏ గడ్డీ సరిపోదు. అందుకే పొంగిన నీరు పల్లాన్ని తప్పించుకుని నేరుగా పోయే అలుగు ఉండాలి. చిన్న వానల మురికిని పడితే చాలు, ఎందుకంటే చెత్తంతా వచ్చేది మొదటి నీటిలోనే. వరదను ఆపుతామని కమిటీలో ఎవరైనా అంటే పక్కకు పిలిచి ఈ లెక్క చూపించు.

దోమల గొడవ కూడా వస్తుంది, ఖాయం. మా ఎదురింటి పెద్దాయన లేవదీయని రోజు లేదు. దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా దాదాపు వారం పడుతుంది. పల్లం సరిగ్గా కడితే ఒకటి రెండు రోజుల్లో ఎండిపోతుంది. మూడో రోజు కూడా నీళ్ళున్నాయంటే దోమల మందు కొట్టించడం కాదు, పైపొర పూడుకుపోయిందని అర్థం.

ఇక మురుగు. అసలు తలనొప్పి ఇదే. నువ్వు చేయాల్సిన మొట్టమొదటి పరీక్షకు పైసా ఖర్చు లేదు. చినుకు పడని నెలలో, మిట్టమధ్యాహ్నం వెళ్ళి మీ పార్కులోకి వచ్చే వాననీటి కాలువను చూడు. అందులో నీళ్ళు పారుతున్నాయా? అయితే అది వాననీరు కాదు. ఎవరి ఇంటిదో తూము అందులో కలిసింది. హుస్సేన్ సాగర్‌కు పట్టిన గతి అదే కదా. కూకట్‌పల్లి నాలా వెంట ఏళ్ళ తరబడి ఇళ్ళ మురుగూ కార్ఖానాల మురుగూ వచ్చి చేరితే, కోట్లు పోసి మళ్ళిస్తూనే ఉన్నారు. మా పార్కులోనూ ముందు ఒక అపార్టుమెంటు తూమును పట్టుకుని మురుగు లైనులో కలిపించాకే తవ్వకం మొదలైంది. దానికి పట్టిన సమయం, జరిగిన మాటల యుద్ధం, తిరిగిన కాగితాలు రాస్తే ఇంకో ఉత్తరం అవుతుంది.

మీ కాగితంలో సింగపూర్ బొమ్మ ఉంది, బిషాన్ పార్కుది. అది మంచి పనే. 2.7 కిలోమీటర్ల కాంక్రీటు కాలువను పగలగొట్టి, ఒంపులు తిరిగే ఏరుగా మార్చి 2012లో తెరిచారు. మొక్కల పడకల గుండా నీళ్ళు పంపి శుభ్రం చేస్తారు కూడా. కానీ అక్కడ మురుగుకు వేరే గొట్టాలు, వానకు వేరే కాలువలు. బొమ్మలో ఏరు కనిపిస్తుంది, భూమిలో ఉన్న ఆ గొట్టాలు కనిపించవు.

మాకు దగ్గరలో చూడదగ్గది మణికొండ పక్కన నెక్నాంపూర్ చెరువు. 2018 ఫిబ్రవరిలో అక్కడ నీటి మీద తేలే మొక్కల తెప్పను వదిలారు. వెదుళ్ళు, థర్మాకోలు, గోనెపట్టా, కంకర పొరలుగా పేర్చి, వట్టివేరు, మెట్టతామర, జమ్ము లాంటివి నాటారు. వేళ్ళు నీళ్ళలోకి వేలాడుతూ ఎరువును పీల్చుకుంటాయి, వేళ్ళ మీద పేరుకున్న జిగురులో బ్యాక్టీరియా కాపురం పెడుతుంది. బాగుంది. అయితే పీల్చుకున్నది ఎక్కడికి పోతుంది? ఆకులోకి, కాడలోకి. ఆ ఆకు కోసి బయట పారేయకపోతే కుళ్ళి మళ్ళీ నీళ్ళలోనే పడుతుంది. గుర్రపు డెక్క కూడా ఎరువును బాగానే తింటుంది మరి, తీయకపోతే చెరువునే మింగేస్తుంది. నాటడానికి నిధులుంటాయి, కోయడానికి ఉండవు. నేనైతే కమిటీ డబ్బును రెండు భాగాలు చేసి, పెద్ద భాగం కొడవలికి దాచమంటాను.

మా పార్కులో తోటపని చేసే పెద్దావిడ ఉంది, ఇంజనీర్లందరికంటే ఆమె మాట మీదే నాకు గురి. వాన వెలిశాక పారతో పైన అట్టకట్టిన నల్లటి మడ్డిని బొటనవేలి మందాన గీకి తట్టలో వేస్తుంది. ఎండిన ఆ మడ్డిని వేలితో నలిపి చూపించింది, మెత్తగా, గ్రీజులా నల్లగా అంటుకుంది. దాన్ని ఎరువు గుంటలో వేయనివ్వదు. "బండ్ల మసి అది, ఆకుకూరలకు పోస్తామా" అంటుంది. వట్టివేరు దుబ్బులను ఏడాదికి రెండుసార్లు మోకాలి ఎత్తుకు కోస్తుంది. ఒకసారి నేను కుంటలోకి దిగే గొట్టం దగ్గర ఒక సీసా, రోడ్డు నీరు దూకేచోట ఒక సీసా పట్టి అరుగు మీద పెట్టాను. రోడ్డు సీసాలో అడుగున మట్టి, పైన నూనె తెట్టు రంగులు. రెండోదాంట్లో లేత టీ రంగు, అంతే. తాగమంటే తాగను గానీ, చేపకు ఇబ్బంది లేదు.

మీకు ఇదే బొమ్మ పనికిరాదు. మాకు బండ అడ్డం, మీకు తవ్వగానే నీరు తగిలే నేల, వాలు లేని కాలువలు. ఎండాకాలంలో ఒకసారి, వానల్లో ఒకసారి అడుగు లోతు గుంత తవ్వి, నీళ్ళు నింపి, గంటకు ఎన్ని అంగుళాలు దిగిందో రాసుకో. దిగకపోతే ఎండే పల్లం జోలికి వెళ్ళకండి, ఎప్పుడూ తడిగా ఉండే జమ్ము, తుంగల చిన్న చిత్తడి పెట్టుకోండి, దోమల కోసం వదిలే విదేశీ చేప గంబూసియా బదులు మన నాటు చేపలు వదలండి. సముద్రం పోటు మీదున్నప్పుడు కాలువ ఎదురెక్కుతుందేమో కూడా చూడు. ఎక్కితే ఉప్పు తట్టుకునే మొక్కలే నాటాలి.

మా మేనల్లుడు వచ్చే నెల గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో మీ ఊరు వస్తున్నాడు. తడి గోనెలో చుట్టి వట్టివేరు పిలకలు పంపిస్తాను. ఆకు జానెడు ఉంచి కోసే పంపుతాను, వచ్చిన రోజే నాటించు. గుంత లెక్కలు రాసి అతని చేతికివ్వు, ఫొటో తీయకు, మళ్ళీ నీ బొటనవేలే వస్తుంది. చెల్లెమ్మను అడిగానని చెప్పు.

నీ
రామం