పెద్దత్త పుట్టిన ఏడు

అందరికీ నమస్కారం. ఆదివారం పెద్దత్త పుట్టినరోజు కదా, 1957 నాటి బెజవాడ గురించి నాన్నమ్మ చెప్పినవి గుర్తొచ్చి రాస్తున్నాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. ప్రకాశం పంతులు గారు పోయింది ఆ మే నెలలోనే. ఆయన పేరు పెట్టిన బ్యారేజీ పూర్తయిందీ ఆ ఏడే. అంతకు ముందు సీతానగరం వెళ్లాలంటే మనవాళ్లు పడవ ఎక్కేవారట.

అసలు తలనొప్పి మాత్రం డబ్బులతో. ఏప్రిల్ 1 నుంచి నయాపైసలు వచ్చాయి. రూపాయికి పదహారు అణాలు పోయి వంద పైసలు. పావలా అంటే 25, అర్ధరూపాయి 50, అక్కడిదాకా బాగానే ఉంది. అణా అంటే ఆరుంబావు! ఆ పావు ఎక్కడి నుంచి తెస్తాం? అణాకి ఆరు చొప్పున లెక్కేస్తే పదహారు అణాలకి 96 అవుతుంది. మిగతా నాలుగు ఎవరివని కొట్టు దగ్గర రోజూ పేచీయే. నాన్నమ్మ పాత కానులన్నీ పోపుల డబ్బాలో, మెంతుల కింద దాచింది. పురుడు పోసుకున్నాక చూస్తే తాతయ్య వాటితో చుట్టలు కొనేశారట. ఆ కోపం చివరిదాకా తగ్గలేదు.

వంటంతా కట్టెల పొయ్యి మీదే, పసిపిల్ల నీళ్లకి మాత్రం బొగ్గుల కుంపటి. రాత్రిళ్లు లాంతరు.

పెద్దత్త ఉయ్యాల ఫోటో గుంటూరు బాబాయి దగ్గర ఉండాలి. బాబాయ్, బీరువా వెతికి ఇక్కడ పెట్టవా? అత్తకి ముందే చెప్పకండి, ఆవిడ ఈ గ్రూపులో లేదు.