116 రూపాయల బాకీ

ఒరేయ్ సూరీ,

ముందు తిట్టాల్సినవన్నీ తిట్టేసుకో. దసరాకి రాస్తానన్న ఉత్తరం ఇది, దీపావళి కూడా వెళ్లిపోయింది. అమ్మ మోకాలు పరవాలేదు. నా ఉద్యోగం అలాగే ఉంది, జీతమూ అలాగే ఉంది. మా చెల్లి చిన్నిదాని పెళ్లి ఖాయమైన సంగతి ఫోన్లో చెప్పాను కదా. చెప్పంది ఏంటంటే, మొన్న ఆదివారం రాత్రి మా ఇంట్లో జరిగిన బడ్జెట్ మీటింగ్. ఫోన్లో అయితే మధ్యలో నవ్వి చెడగొడతావని రాస్తున్నా.

మొదలవడం ప్రశాంతంగానే మొదలైంది. నాన్న పాత క్యాలెండర్ కాగితం చింపి, వెనక 'మొత్తం 15 లక్షలు' అని రాసి కింద రెండు గీతలు గీశారు. ఆయన రెండు గీతలు గీశారంటే స్టీల్ ప్లాంట్‌లో ఆడిట్ అయిపోయినట్టే, నీకు తెలుసుగా. అమ్మ 'పది కాసులు' అంది. అంటే 80 గ్రాములు. గ్రాము పది వేలు వేసుకున్నా 8 లక్షలు. ఆ మీద తరుగు, మజూరీ, 3 శాతం జీఎస్టీ. కాగితంలో సగం పైన అక్కడే అయిపోయింది. కురుపాం మార్కెట్‌లో తెలిసిన కొట్టుంది, తగ్గిస్తాడు అంది అమ్మ. "మహా అయితే ఓ పర్సు ఇస్తాడు" అంది నానమ్మ.

తర్వాత హాలు. మూఢం పోయాక ఫాల్గుణంలో ఉన్న నాలుగు ముహూర్తాల మీద ఊరంతా ఒకేసారి పడింది. గాజువాకలో ఒకాయన రెండున్నర లక్షలన్నాడు. కరెంటు మీటర్ చూసి వేరేగా, ఊడ్చినందుకు వేరేగా, వంటవాళ్లని మనం తెచ్చుకుంటే దానికీ వేరేగా! పైగా, బిల్లు కావాలంటే 18 శాతం జీఎస్టీ, మొత్తం క్యాష్ ఇచ్చేస్తే అదుండదు అని మెల్లగా చెప్పాడు. ఒక పెళ్లికి ఒకరి దగ్గర 2 లక్షలు, ఆ పైన క్యాష్ తీసుకోవడం చట్టం ఒప్పుకోదండీ అని చిన్ని అక్కడే అనేసింది. ఆయన వెంటనే మాకు మంచినీళ్లు తెప్పించాడు.

ఇవన్నీ కాదురా. అసలు గొడవ భోజనాల దగ్గర. ప్లేటు 550. ఎంతమంది అని అడిగితే నాన్న బీరువాలోంచి వాళ్ల పెళ్లి చదివింపుల పుస్తకం తెచ్చారు. 1991 నాటిది. ఎర్ర అట్ట, మూలల్లో పసుపు మరకలు, మొదటి పేజీ పైన 'శ్రీరామ'. పేరు, ఊరు, ఎంత. 116, 51, 25, స్టీలు గిన్నె ఒకటి. 312 పేర్లు. ఇంటికి ముగ్గురు చొప్పున వేసి, కాస్త దయతలచి 900 అన్నారు. దాదాపు 5 లక్షలు!

పోయినవాళ్లని కొట్టేద్దాం అని చిన్ని పెన్ను తీసింది. నానమ్మ ఒక్కో పేరుకీ "పోయాడు" అనడం, వెంటనే "కొడుకున్నాడు కదేటి, కోడలుంది కదేటి" అనడం. ఇద్దరు పోతే ఆరుగురు తేలారు.

41వ నంబరు మీ నాన్నగారు. 'గోడ గడియారం ఒకటి'. అదేరా, పది నిమిషాలు ముందు నడిచేది! ముందుగా వెళ్లి కూడా రైలు తప్పించుకున్న మహానుభావులం మనం. ఆ పలాస సంగతి మళ్లీ ఎత్తను, ఒట్టు. గడియారం బాకీ కింద మీ ఇంటికి నాలుగు ప్లేట్లు రాయించాను.

సరే, చిన్ని కొట్టేస్తూనే ఉంది. నాన్న కాలిక్యులేటర్ తీసి టకటకా నొక్కి, "116 తీసుకున్నాం. 8 శాతం చక్రవడ్డీ, 34 ఏళ్లు. 1,588 రూపాయలు. ప్లేటు 550. ఇంకా మనమే బాకీ" అన్నారు.

"అయితే ఆ 1,588 ఫోన్‌పే చేసేయండి నాన్నా, భోజనం దేనికి?" అంది చిన్ని.

నానమ్మతో సహా అందరం పగలబడి నవ్వాం. నాన్న నవ్వలేదు. కళ్లజోడు తీసి పుస్తకం మీద పెట్టి, కుళాయి కారుతోందంటూ పెరట్లోకి వెళ్లిపోయారు. కుళాయి ఏమీ కారడం లేదు. నాకప్పుడు... ఏమో, వదిలెయ్.

పావుగంటకి వచ్చి కొత్త కాగితం మీద 14 పేర్లు రాశారు. పుస్తకంలో లేని పేర్లు. హుద్‌హుద్ తుఫాను అప్పుడు, 2014 అక్టోబరులో, కరెంటు లేక, నీళ్లు లేక ఉన్నాం చూడు, అప్పుడు బిందెలు మోసుకొచ్చిన వాళ్లు, మా గుమ్మం మీద పడిన వేపచెట్టు నరికిన వాళ్లు. కాగితం చిన్నిదాని ముందు పెట్టి ఏం మాట్లాడలేదు.

అదీ మాట్లాడలేదు. క్యాలెండర్ కాగితం లాక్కుని పది కాసులు కొట్టేసి ఆరు రాసింది. నాలుగు కాసులంటే 3 లక్షల 20 వేలు, అంటే 580 ప్లేట్లు! డ్రోన్, లంబసింగి ఫొటోషూట్ కూడా కొట్టేసింది. అడుగున 'చిల్లర: లక్షన్నర' అని రాసింది. సన్నాయి మేళం, ఆడపడుచు లాంఛనాలు, సారెలోకి మాడుగుల హల్వా, ఇంకా ఎవరికీ గుర్తురానివన్నీ అందులోనేనట. మొత్తం 15 దాటింది, 16కి కాస్త ఇవతల ఆగింది. నాన్న ఈసారి ఒక్క గీతే గీశారు.

ఇప్పుడు అమ్మ చిన్నిదానితో మాట్లాడటం లేదు. ఆరు కాసులతో ఆడపిల్లని పంపిస్తే వియ్యపురాలు ఏమనుకుంటుందని. పెళ్లి సింహాచలం కొండ మీద పొద్దున్నే చేసేసి, భోజనాలు మాత్రం కింద పెడదామని నేనో మాట వేశాను, దానికి అబ్బాయి వాళ్లు ఇంకా

ఒరేయ్, హాలాయన ఫోన్ చేస్తున్నాడు, సాయంత్రంలోగా అడ్వాన్సు ఇవ్వకపోతే వేరేవాళ్లకి ఇచ్చేస్తాడట. నాన్న చెప్పులేసుకుంటున్నారు. నువ్వు టికెట్ మాత్రం ఇప్పుడే తీసుకో, ఆ గడియారం చూసుకుని బయల్దేరకు.

నీ
బాబ్జీ