సర్వేయింగ్‌లోకి వద్దామనుకుంటున్న చందూకి

ఒరేయ్ చందూ,

నీ మెసేజ్ చూసి ఫోన్ చేద్దామనుకున్నా. కానీ నువ్వడిగింది రెండు ముక్కల్లో తేలేది కాదు, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. ఉద్యోగం మానేసి ప్రాపర్టీ, కన్‌స్ట్రక్షన్ సర్వేయింగ్ చదవాలనుందన్నావు. నేను చదివింది సివిల్ కాదు కదా, పనికొస్తానా అని అడిగావు. పనికొస్తావు. ఊరికే ధైర్యం చెప్పడానికి అనట్లేదు. వేరే డిగ్రీ చేసినవాళ్ళు ఇందులోకి రావడానికే పీజీ కన్వర్షన్ కోర్సులున్నాయి. లా చదివి వచ్చినవాళ్ళున్నారు, కామర్స్ చదివి వచ్చినవాళ్ళున్నారు. ఈ పనికి ముఖ్యంగా కావలసిన గుణం నీకు చిన్నప్పట్నుంచీ ఉంది. ఎవరైనా ఒక అంకె చెబితే, అదెలా వచ్చిందో అడగందే నువ్వు ఊరుకోవు.

సర్వేయర్ అనగానే అందరికీ మూడుకాళ్ళ స్టాండు మీద పరికరం పెట్టి ఒంటి కన్నుతో చూసే మనిషే గుర్తొస్తాడు. అది భూమి సర్వే. నీ కోర్సులో అది కొద్దిగానే ఉంటుంది, లెవలింగ్, అంటే నేల ఎత్తుపల్లాలు కొలవడం, నేర్చుకుంటే చాలావరకు గట్టెక్కినట్టే. అసలు దారులు మూడు. కట్టడానికి ఎంతవుతుందో తేల్చేది క్వాంటిటీ సర్వేయింగ్. కట్టినది ఎంత చేస్తుందో తేల్చేది వాల్యుయేషన్. కట్టినది ఏ స్థితిలో ఉందో చూసేది బిల్డింగ్ సర్వేయింగ్. మొదట్లో మూడూ కొంచెం కొంచెం చెబుతారు కాబట్టి, ఏ దారిలో వెళ్ళాలా అని ఇప్పుడే బుర్ర బద్దలు కొట్టుకోకు.

క్వాంటిటీ సర్వేయింగ్ గురించి కాస్త ఎక్కువే రాస్తా, అది నా ప్రాణం కాబట్టి. డ్రాయింగ్ చూసి ఎంత తవ్వకం, ఎంత కాంక్రీటు, ఎంత ప్లాస్టరింగ్ అని లెక్క తీయడాన్ని టేకాఫ్ అంటారు. చూడ్డానికి ఏముంది, గుణకారమేగా అనిపిస్తుంది. ఒక చిన్న లెక్క చూడు. దీర్ఘచతురస్రాకారంలో ఒక కట్టడం, బయటి కొలతలు 10 మీటర్లు, 8 మీటర్లు. గోడ మందం 0.3 మీటరు, ఎత్తు 3 మీటర్లు. చుట్టుకొలత 36 మీటర్లు కదా అని దాన్ని మందంతో, ఎత్తుతో గుణిస్తే 32.4 ఘన మీటర్లు వస్తుంది. అది తప్పు. బయటి కొలత పట్టుకుంటే నాలుగు మూలలూ రెండేసి సార్లు లెక్కలోకి వస్తాయి. పోనీ లోపలి కొలత పట్టుకుందామంటే మూలలు అసలు లెక్కలోకే రావు. అందుకని గోడ మందానికి సరిగ్గా మధ్యలో ఒక గీత ఊహించుకుని దాని పొడవు తీస్తాం. 36లోంచి నాలుగు మందాలు, అంటే 1.2 తీసేస్తే 34.8 మీటర్లు. ఇప్పుడు గోడ 31.32 ఘన మీటర్లు. తేడా ఒక ఘన మీటరు పైచిలుకు, అదీ ఒక్క చిన్న కట్టడంలో. ఇక వందల గదులున్న భవనంలో ఎంతుంటుందో నువ్వే ఊహించుకో. ఈ సెంటర్ లైన్ పద్ధతి వంటబడితే పునాది తవ్వకం, బెడ్ కాంక్రీటు (పునాది అడుగున వేసే కాంక్రీటు పొర), గోడ అన్నీ అదే పొడవు మీద వరసగా నడిచిపోతాయి. నాకు ఇప్పటికీ అది అందంగా అనిపిస్తుంది రా.

కానీ లెక్క సరిగ్గా రావడం సగం పనే. మిగతా సగం, దాన్ని మరొకరు తిరిగి చూసుకునేలా రాయడం. కొలతలు రాసుకునే డైమెన్షన్ షీటులో ప్రతి కొలత పక్కనా అది ఎక్కడిదో, ఏ డ్రాయింగ్‌లోదో, ఎన్నోసారి మార్చిన డ్రాయింగో రాస్తాం. ఎందుకంటావా? ఆర్నెల్ల తర్వాత కాంట్రాక్టరు మనిషి వచ్చి, ఈ పరిమాణం తక్కువొచ్చింది అంటాడు. అప్పటికి నువ్వు వేరే ప్రాజెక్టులో ఉండొచ్చు. నువ్వు లేకపోయినా ఆ కాగితం ఒక్కటే జవాబు చెప్పగలగాలి. నా దృష్టిలో ఈ వృత్తి మొత్తం ఇదే. నీ అంకె వెంట వెనక్కి నడుచుకుంటూ వెళ్తే ఎవరైనా సరే మొదలు దాకా చేరగలగాలి. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఉంది, బిమ్ మోడల్ (భవనం మొత్తాన్ని వివరాలతో సహా కంప్యూటర్లో గీసిన నమూనా) నుంచి పరిమాణాలు వాటంతటవే వచ్చేస్తాయి, చేత్తో నేర్చుకోవడం దండగ అనేవాళ్ళు నీకు చాలామంది తగులుతారు. వాళ్ళ మాట పట్టించుకోకు. మోడల్ గీసినవాడు గోడని స్లాబులోకి దూర్చేసి గీసి, ఆ అతుకు సరిచేయకపోతే అక్కడి కాంక్రీటు రెండుసార్లు లెక్కకెక్కుతుంది. చేత్తో చేసినవాడికే ఆ అంకె చూడగానే అనుమానం వస్తుంది.

కొలవడానికి కూడా రూల్సు ఉంటాయని మర్చిపోకు. గోడలో చిన్న రంధ్రం ఉంటే దాన్ని తీసేయాలా వద్దా, ఎంత సైజు దాటితే తీసేయాలి అన్నది ఎవరిష్టం వాళ్ళది కాదు, కాంట్రాక్టులో ఏ కొలతల పద్ధతి రాసుంటే అదే. బ్రిటన్‌లో 1922లోనే దీనికి ఒక ప్రామాణిక పద్ధతి తెచ్చారు. ఇప్పుడు అక్కడ ఎన్ఆర్ఎమ్ (న్యూ రూల్స్ ఆఫ్ మెజర్‌మెంట్) నడుస్తోంది. చాలా దేశాలకు తమ తమ పద్ధతులున్నాయి. నువ్వు పనిచేసే చోట ఏది చెల్లుతుందో ఆ పుస్తకం కొనుక్కో, అప్పు తెచ్చుకోకు. అంచుల్లో రాసుకోవడానికి చాలా ఉంటుంది.

వాల్యుయేషన్ మీద నీకు ఆసక్తి ఉందన్నావు. నీ అకౌంట్స్ బుర్రకి అది నిజంగానే నప్పుతుంది. ఒక భవనం ఏడాదికి 100 అద్దె తెస్తోందనుకో. పెట్టుబడి పెట్టేవాళ్ళు 5 శాతం రాబడితో తృప్తిపడితే దాని విలువ 2,000. అదే 6 శాతం కావాలంటే 1,667కి పడిపోతుంది. అద్దె ఒక్క పైసా తగ్గలేదు, గోడ ఒక్కటి పగల్లేదు, విలువలో మాత్రం ఆరో వంతు పోయింది. అందుకే ఆ ఒక్క శాతం ఎందుకు వేశావో సమర్థించుకోవడమే వాల్యూయర్ పని. ఖాళీ స్థలం విలువ కట్టేటప్పుడైతే ఇది ఇంకా పదునుగా ఉంటుంది. కట్టి అమ్మితే 100 వస్తుంది, కట్టడానికి 60, బిల్డరు లాభం 20, కాబట్టి స్థలానికి 20 ఇవ్వొచ్చు అంటాం. దీన్ని రెసిడ్యువల్ పద్ధతి అంటారు. అమ్మకం ధర 5 శాతం తగ్గి 95 అయిందనుకో, మిగతావి మారకపోతే స్థలానికి మిగిలేది 15. ఐదు శాతం తేడా కాస్తా నాలుగో వంతు అయి కూర్చుంది. ఈ లెక్క అర్థమైన రోజు నుంచి స్థలం ధరల గురించి ఎవరేం చెప్పినా నా చెవులు వేరేగా వింటాయి.

బిల్డింగ్ సర్వేయింగ్ నాకు బయటనుంచే తెలుసు, కానీ చేసేవాళ్ళ పక్కన తిరిగాను. అందులో కళ్ళకే పని. గోడకి చెమ్మ వచ్చిందంటారు. మీటరు సూదులు గుచ్చితే అంకె పైకి ఎగబాకుతుంది. కొత్తవాడు వెంటనే చెమ్మ ఉందని రాసేస్తాడు. కానీ ఆ మీటరు కొలిచేది కరెంటు ఎంత తేలిగ్గా పారుతోందన్నది, దాని స్కేలు కూడా సాధారణంగా చెక్కకి సరిపోయేలా చేసినది. ప్లాస్టరులో ఉప్పు పేరుకుని ఉంటే పెద్ద తడి లేకపోయినా అంకె ఎక్కువ చూపిస్తుంది. అందుకని అనుభవజ్ఞులు ఒక్క చోట గుచ్చి ఊరుకోరు. కింది నుంచి పైకి, ఈ చివరి నుంచి ఆ చివరికి గుచ్చుకుంటూ పోయి, ఎక్కడ పెరుగుతోంది, ఎక్కడ తగ్గుతోంది అని గోడ మీద పటం గీసుకుంటారు. తర్వాత బయటికెళ్ళి అదే చోట వెనకవైపు ఏముందో చూస్తారు. వాన నీళ్ళ గొట్టం పగిలి ఉండొచ్చు, మట్టి గోడ మీదకి ఎత్తుగా పోసి ఉండొచ్చు. పగుళ్ళూ అంతే. ఎంత వెడల్పో కొలవడం ఎవరైనా చేస్తారు. పైన వెడల్పా, కింద వెడల్పా, అంచులు పాతబడి మురికి పట్టాయా, కొత్తగా తెల్లగా ఉన్నాయా, ఇంకా కదులుతోందా, ఇవన్నీ చూస్తేనే దాని కథ తెలుస్తుంది.

ఇక వృత్తి గుర్తింపు సంగతి. ఈ రంగంలో ఎక్కువ దేశాల్లో పేరున్నది ఆర్ఐసీఎస్, అంటే రాయల్ ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ చార్టర్డ్ సర్వేయర్స్ అనే సంస్థ. 1868లో లండన్‌లో మొదలైంది. వాళ్ళు గుర్తించిన కోర్సు చేస్తే తర్వాత ఏపీసీ (అసెస్‌మెంట్ ఆఫ్ ప్రొఫెషనల్ కాంపిటెన్స్, అంటే సభ్యత్వం ఇచ్చేముందు నీ పనితనాన్ని పరీక్షించడం) అనే అంచెకి వెళ్తావు. అప్పుడే డిగ్రీ పూర్తిచేసినవాళ్ళకి మామూలుగా 24 నెలల శిక్షణ, 3,000 పదాల కేస్ స్టడీ, చివర్లో గంటసేపు ఇంటర్వ్యూ. రూల్సు మారుతూ ఉంటాయి, చేరేముందు తాజా గైడు తప్పకుండా చూసుకో. నాకు అందులో నచ్చింది మూడు మెట్లుగా అడగడం. తెలుసా, చేశావా, ఎవరికైనా కారణాలతో సలహా ఇవ్వగలవా అని. చాలామంది మొదటి మెట్టుకి కంఠతా పట్టి మూడో మెట్టు దగ్గర నీళ్ళు నములుతారు. నువ్వు మొదటి నుంచీ, ఏ పాఠం చదివినా, క్లయింటు అడిగితే ఏం చెబుతాను, ఎందుకలా చెబుతాను అని ఒక పేరా రాసుకో. కాంట్రాక్ట్ లా పేపరుని తేలిగ్గా తీసుకోకు. సైటులో గొడవలన్నీ చివరికి ఏ క్లాజు ఏమంటోందన్న దగ్గరికే వస్తాయి. నీతికి సంబంధించిన ప్రశ్నలు కూడా తప్పక అడుగుతారు. ఒకే ఆస్తి విషయంలో అమ్మేవాడికీ కొనేవాడికీ ఇద్దరికీ సలహా ఇవ్వొచ్చా లాంటివి. అవి పరీక్ష కోసం కాదు రా, ఉద్యోగంలో మొదటి ఏడాదే ఎదురవుతాయి. ఎవరో ఒకరు వచ్చి ఈ అంకె కాస్త పైకి జరపండి అంటారు. నీ షీటు వెనక్కి నడిపించి చూపించగలిగేలా ఉంటే, కుదరదని చెప్పడం సులువవుతుంది.

ఫీజుల గురించి, చదువుతూ పనిచేయడం గురించి కూడా అడిగావు. వీలైతే ఏదైనా సంస్థలో అసిస్టెంట్‌గా చేరి పార్ట్‌టైమ్ చదువు. ఎక్కువ కాలం పడుతుంది, అలసిపోతావు, అయినా అదే మేలంటాను. పొద్దున క్లాసులో విన్న రిటెన్షన్ (బిల్లులోంచి ఆపి ఉంచే సొమ్ము), వేరియేషన్ (మధ్యలో మారిన పని), ఫైనల్ అకౌంట్ (చివరి లెక్క) అనే మాటలు మధ్యాహ్నం టేబుల్ మీద బిల్లులుగా కనిపిస్తే ఇక మర్చిపోలేవు. ఇంట్లో పరిస్థితి దానికి కుదరకపోతే ఫుల్‌టైమే చేయి, సెలవుల్లో మాత్రం ఖాళీగా కూర్చోకు.

నువ్వు చూసిన ఆ రెండు కోర్సుల సిలబస్‌లూ నాకు పంపు. కొలతలకి ఎన్ని గంటలు ఇచ్చారు, సైటు విజిట్లు ఉన్నాయా, గుర్తింపు ఏ సంస్థది, నువ్వు పూర్తిచేసే ఏడాదికి అది అమల్లో ఉంటుందా అని నేను చూసి చెబుతా. ఈలోగా ఒక పని చేయి. నువ్వుంటున్న గదికి లోపలి ప్లాస్టరింగ్ టేకాఫ్ తీయి, టేపు పెట్టి, కాగితం మీద, చేత్తో. తలుపులూ కిటికీలూ ఎక్కడ తీసేశావో, వాటి పక్క అంచులు కలిపావో లేదో పక్కన రాసి మరీ ఫొటో పంపు. ఆదివారం కూర్చుని దిద్ది పెడతా.

ఉంటా మరి,
రఘు