తాళం వేసే ముందు ఒక్క నిమిషం

అందరికీ నమస్కారం. నిన్న గ్రూపులో ఒకరు "ఎంత చెప్పినా వినడు, గదిలో పెట్టి తాళం వేస్తే తాగుడు తనే మానేస్తాడు" అని రాశారు. విసిగిపోయి అన్నారని తెలుసు, అయినా ఆ పని మాత్రం చేయకండి. ఏళ్ల తరబడి రోజూ బాగా తాగే మనిషి ఉన్నట్టుండి ఆపేస్తే చేతుల వణుకు, చెమటలు, రెండు మూడు రోజుల్లో ఫిట్స్, లేనివి కనిపించడం దాకా పోవచ్చు. ప్రాణం మీదికి వస్తుంది. డాక్టరు పర్యవేక్షణలోనే మాన్పించాలి.

హెరాయిన్ లాంటివి మానేసి డీఅడిక్షన్ సెంటర్ నుంచి ఇంటికొచ్చిన మొదటి వారాలు ఇంకా గండం. ఒంటికి తట్టుకునే శక్తి తగ్గి ఉంటుంది, పాత మోతాదే ఊపిరి ఆపేస్తుంది. గురక వింతగా వస్తూ, పెదాలు నీలంగా మారి, పిలిచినా పలకకపోతే "మత్తు దిగుతుందిలే" అనుకోవద్దు. వెంటనే అంబులెన్స్‌ను పిలవండి. నలాక్సోన్ (హెరాయిన్ లాంటి వాటి మత్తును విరిచే మందు) ఉంటే ఇవ్వండి. ఊపిరి ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, వదిలి వెళ్లకండి.

పిల్లల సంగతికొస్తే, భయపెట్టే ఉపన్యాసాల మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. ఐస్‌లాండ్‌లో 1998లో 15, 16 ఏళ్ల పిల్లల్లో 42 శాతం మంది అంతకుముందు నెలలో తాగి మత్తెక్కినవాళ్లే. 2016కి అది 5 శాతానికి దిగింది. అక్కడ ఆటలు, సంగీతం, అమ్మానాన్నలతో గడిపే టైము పెంచారు.

ఇలాంటి కష్టంలో ఉన్నవాళ్లు రాత్రి పది దాటాక ఫోన్ చేస్తే ఎత్తి ఓపిగ్గా వినగలిగే ముగ్గురు కావాలి. కుదిరేవాళ్లు నాకు విడిగా మెసేజ్ పెట్టండి. ఎవరి పేరూ గ్రూపులో రాయొద్దు, ప్లీజ్.