ముందు గైడ్లను కూర్చోబెట్టండి

సంపాదకుడి గారికి,

పీహెచ్‌డీ విద్యార్థులకు పరిశోధనా నీతి కోర్సు అంటూ మీరు వేసిన వార్త చదివి వారం దాటింది. కోపంలో రాస్తే బాగోదని ఆగాను, వారమైనా తగ్గలేదు కాబట్టి రాస్తున్నాను. నాలుగు వీడియోలు చూసి, ప్రశ్నలకు టిక్కులు పెట్టి, సర్టిఫికెట్ డౌన్‌లోడ్ చేసుకుంటే నీతి వచ్చేసినట్టేనట!

నేను చేసిన కోర్సూ అలాంటిదే. ల్యాబ్‌లో నలుగురం ఒకే కంప్యూటర్ ముందు చేరి, జవాబులు ఒకరికొకరం చెప్పుకుని పాసయ్యాం. నీతి పరీక్షలో కాపీ కొట్టామన్నమాట. ఆ నెలలోనే నా పీహెచ్‌డీని పర్యవేక్షించే మా గైడ్ నా గ్రాఫ్‌లో లైనుకు దూరంగా పడ్డ రెండు పాయింట్లు చూపించి "ఇవి తీసేయ్, అచ్చుకు ముందు పేపర్ చూసే రివ్యూయర్ అనవసరంగా అడుగుతాడు" అన్నారు. ఎందుకు తీశామో పేపర్లో ఒక ముక్క రాద్దామా సార్ అంటే, ఎగాదిగా చూశారు. తీసేశాను. వీడియోల్లో ఏం చెప్పారో ఒక్కటీ గుర్తులేదు కానీ ఈ పాఠం మాత్రం బాగా ఎక్కింది.

ఇలాంటి కోర్సుల్లో యాన్ హెండ్రిక్ షోన్ కథ తప్పకుండా చెబుతారు. అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధన సంస్థలో కుర్ర శాస్త్రవేత్త, వరసపెట్టి పరిశోధనా పేపర్లు. డేటా విషయంలో మోసం చేశాడంటూ 2002లో విచారణ కమిటీ చూసిన 24 ఆరోపణల్లో 16 రుజువయ్యాయి. వేర్వేరు ప్రయోగాలని వేసిన గ్రాఫుల్లో నాయిస్ (కొలతల్లో అడ్డదిడ్డంగా వచ్చే చిన్న తేడాలు) కూడా అచ్చుగుద్దినట్టు ఒకటే! అసలు డేటా ఏదయ్యా అంటే కంప్యూటర్లో చోటు చాలక చెరిపేశానన్నాడు, ల్యాబ్ నోట్‌బుక్కులూ లేవు. సరే, అతను దొంగే. మరి ఆ పేపర్ల మీద పేర్లు వేసుకున్న పెద్దలు ఒక్కసారైనా "ఏదీ, నీ నోట్‌బుక్ ఇలా తే" అని ఎందుకు అడగలేదు? కమిటీ వాళ్లు మోసం చేయలేదని తేల్చింది, అది వేరే విషయం.

నెదర్లాండ్స్ ప్రొఫెసర్ డీడరిక్ స్టాపెల్‌ది ఇంకా చోద్యం. జరగని సర్వేల డేటా ఇంట్లో కూర్చుని తయారుచేసి తన పీహెచ్‌డీ విద్యార్థుల చేతిలో పెట్టేవాడు, పరిశోధనా నీతి పాఠాలూ తనే చెప్పేవాడు. శ్రీరంగ నీతులంటే ఇవే కదా! 2011లో ఆయన్ని పట్టించింది ముగ్గురు కుర్ర పరిశోధకులు. థీసిస్ మీద సంతకానికి, రేపటి సిఫార్సు లేఖకు గైడ్ దయే దిక్కైనవాడు అంత ధైర్యం చేయాలంటే ఎవరి దగ్గరికి వెళ్లాలి, వెళ్తే వాణ్ణి ఎవరు కాపాడతారు, ఈ సంగతి చెప్పే స్లైడ్ ఒక్కటైనా ఉందా ఆ కోర్సులో?

యూనివర్సిటీల్లో పైవాళ్లకు ఇవేమీ పట్టవు. పేపర్లు ఎన్ని అని లెక్కపెట్టి ప్రమోషన్ ఇస్తారు, థీసిస్‌ను సాఫ్ట్‌వేర్‌లో వేసి సిమిలారిటీ (ఇతరుల రాతలతో పోలిక) శాతం తక్కువొస్తే శభాష్ అంటారు. అంకెలు కల్పిస్తే ఆ సాఫ్ట్‌వేర్‌కు ఏం తెలుస్తుంది, కల్పించినవి కొత్తగానే ఉంటాయి కదా. అమెరికాలో వైద్య పరిశోధనలకు డబ్బిచ్చే ప్రభుత్వ సంస్థ ఎన్ఐహెచ్ 2009లోనే తన ట్రైనీలకు కనీసం 8 గంటల ముఖాముఖి బోధన ఉండాలని, ఆన్‌లైన్ ఒక్కటే చాలదని, అధ్యాపకులూ అందులో పాలుపంచుకోవాలని చెప్పింది. ఇంత తేలిక విషయం అర్థం కావడానికి మనవాళ్లకు ఇంకెన్నాళ్లు పడుతుందో!

కోర్సు పెట్టండి, వద్దనడం లేదు. కానీ విద్యార్థి తన సొంత నోట్‌బుక్ పట్టుకొని రావాలి, ఏ పాయింటు ఎందుకు వదిలేశాడో అందరి ముందు చెప్పాలి, పక్క కుర్చీలో గైడ్ కూర్చోవాలి. హాజరు పట్టీలో మొదటి సంతకం గైడ్‌దే ఉండాలి.

– ఒక పాత రీసెర్చ్ స్కాలర్